ఆషాఢంలో కంప్లైంట్

ఓ కళ్లజోడు అబ్బాయీ, నిన్నే. మానిటర్ కొనాలని పోయిన పండగ నుంచి రివ్యూలు చూస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. ఇరవై ఏడా, ముప్పై రెండా, 4K కావాలా వద్దా అని అన్నం ముందు కూర్చుని కూడా గొణుక్కుంటున్నావట. నీ వాలకం చూస్తే ఈ జన్మలో కొనేలా లేవు. ఇలా వచ్చి కూర్చో. మానిటర్ ఎలా కొనాలో నాకు తెలియదు. మానిటర్ కొనబోయినవాడు ఏమవుతాడో మాత్రం బాగా తెలుసు.

నా పేరు కామరాజు. నాచారంలో సోఫాల దుకాణం నాది. చదువు తొమ్మిదో తరగతి దాకా. ఆ తరగతి గది నచ్చి రెండేళ్లు అందులోనే కూర్చున్నాను. కానీ మనుషుల్ని ఆట పట్టించడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. మా అక్క ఛాయాదేవి పెళ్లిలో బావ మురళీధర్ బూట్లు దాచేసి, నా రబ్బరు చెప్పులతో ఆయన్ని ఊరేగింపులో నడిపించాను. బావ రైల్వేలో అంత పెద్ద ఉద్యోగం చేసినా, నన్ను చూస్తే ముందు తన కాళ్లవైపు చూసుకుంటాడు.

ఆ అక్క కొడుకు ఫణీంద్ర. మా సందులోనే, నాలుగిళ్ల అవతల ఉంటాడు. పగలంతా ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి యాప్‌ల బొమ్మలు గీస్తాడు. సాయంత్రం హెడ్‌ఫోన్స్ తగిలించుకుని అదే కుర్చీలో ఎవరెవరినో కాలుస్తాడు. పాత మానిటర్‌లో అక్షరాలు మసకబారి వాడి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. పనికీ ఆటకీ రెండింటికీ పనికొచ్చే మంచి మానిటర్ ఒకటి కొంటానన్నాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మిక్సీ కంటే పెద్ద వస్తువు ఏది కొన్నా మేనమామ వెంట వెళ్లాలి. అలా ఆషాఢ మాసంలో, వీధుల్లో బోనాల మైకులు మోగుతుండగా, సన్నటి వానలో మామా అల్లుళ్లం నా బండి మీద ఉప్పల్ వెళ్లాం. రింగ్ రోడ్డు పక్క సందులో తారామణి సిస్టమ్స్ అని బోర్డు. కౌంటర్‌లో ఒక అమ్మాయి, చెవి వెనక స్క్రూడ్రైవర్ దోపుకుని, ఎవరిదో కంప్యూటర్ పొట్ట విప్పి కూర్చుని ఉంది. పేరు గీతిక. షాపు ఓనర్ కూతురు.

మావాడు తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, చదివొచ్చిన పాఠం గడగడా అప్పజెప్పాడు. ముప్పై రెండు అంగుళాలు, 4K, నూట నలభై నాలుగు హెర్ట్జ్, ఇంకా ఏవేవో. ఆ అమ్మాయి అంతా ఓపిగ్గా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ కుర్చీకీ స్క్రీన్ పెట్టే చోటికీ ఎంత దూరం ఉంటుందండి?"

వాడు చదివిన రివ్యూల్లో ఆ ప్రశ్న లేదు.

"ఉంటది. టేబుల్ ఎంతుంటే గంత."

"అయితే కొలుచుకుని రండి. చిన్న టేబుల్ మీద అంత స్క్రీన్ పెడితే, సినిమా హాల్లో ముందు బెంచీలో కూర్చున్నట్టే ఉంటుంది. మెడ పట్టేస్తుంది."

"పైసలిస్తమన్నా ఎన్కకు పంపుతున్నరు. గిట్లయితే దుకాణం ఎట్ల నడుస్తదండీ?"

"మెడ పట్టేశాక మీరు తిట్టుకుంటూ తిరిగి తెస్తారు కదా. అప్పుడు అస్సలు నడవదండి."

నేను పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. వాడు దారంతా సణుగుతూనే ఉన్నాడు. ఇంటికి వెళ్లగానే మాత్రం నా దుకాణంలోంచి టేపు పట్టుకెళ్లి టేబుల్ కొలిచాడు.

మళ్లీ వెళ్లాం. కొలత చూసి ఇరవై ఏడు చాలంది. చిన్న స్క్రీన్‌లో 4K చుక్కలన్నీ కుదిరితే అక్షరం ఇంకా సాఫుగా వస్తుందని చెప్పింది. ఆ తర్వాత మీ కంప్యూటర్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డు ఉందని అడిగింది. మావాడు చెప్పాడు. పని వరకు ఫర్వాలేదు కానీ, 4Kలో పెద్ద ఆటలు ఆడితే ఆ కార్డుకి ఆయాసం వస్తుంది, ఏయే ఆటలు ఆడతారో చూసుకుని రమ్మంది. మావాడు ఈసారి కోపం తెచ్చుకోలేదు. రేపు మళ్లీ రావచ్చు కదా అన్నట్టు తల ఊపాడు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ఒకరోజు రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఒకే తెలుగు పేజీ తెరిచింది. చేపల పులుసు ఎలా వండాలో రాసిన పేజీ. ఒకదాంట్లో ఒత్తులన్నీ కలిసిపోయి చీమల గుంపులా ఉన్నాయి. 4K దాంట్లో ఏ ఒత్తుకి ఆ ఒత్తు, ముత్యంలా విడిగా కనిపించింది. చదవమంది. మావాడిది ఇంగ్లీషు మీడియం. చింతపండు దగ్గర ఒకసారి, మెంతిపిండి దగ్గర ఒకసారి ఆగి, కూడబలుక్కుంటూ చదివాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. వాడు నొచ్చుకోలేదు. ఆ నవ్వు కోసమే ఉప్పు దగ్గర కూడా ఆగాడు. ఉప్పు చదవడం రానివాడు ఎవడైనా ఉంటాడా చెప్పు.

ఇంకో మూల అద్దంలా మెరిసే మానిటర్ ఒకటి ఉండేది. దాన్ని ఎప్పుడూ ఆన్ చేయరు. ఆ నల్లటి గాజులో కౌంటర్ మొత్తం కనిపిస్తుంది. మావాడు దాని ముందు నిలబడి అంచులు, కాలు, గాజు అన్నీ పరీక్షగా చూసేవాడు. ఆన్ చేయని మానిటర్‌ని అంత శ్రద్ధగా చూసే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆ అమ్మాయి కూడా తక్కువది కాదు. మా బండి ఆగిన చప్పుడు వినగానే చెవి వెనక స్క్రూడ్రైవర్ తీసేసి జుట్టు సర్దుకునేది.

ఈ లోపు గీతిక వాళ్ల నాన్న జనార్ధనరావుకీ నాకూ చాయ్ స్నేహం కుదిరింది. ఆయనది అమలాపురం వైపు. భార్య తారామణి పోయాక ఆమె పేరే షాపుకి పెట్టుకుని, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నడుపుతున్నాడు. ఆయనకో పట్టుదల ఉంది. తన సరుకు మీద కంప్లైంట్ వస్తే పనివాళ్లను పంపడు. తనే ఆ ఇంటికి వెళ్లి, కూర్చుని, చూసి, సరిచేసి వస్తాడు. చిన్న అక్షరాలు ఆయనకు ఆనవు కాబట్టి కూతురూ వెంట ఉండాలి.

ఒక సాయంత్రం చాయ్ తాగుతూ ఆయన చల్లగా ఒక మాట చెప్పాడు. గీతికకు రాజమండ్రి సంబంధం వచ్చిందట. పిల్లవాడు మంచివాడట, అటువైపు తొందర పడుతున్నారట. ఆషాఢంలో పెళ్లి మాట నోటితో అనకూడదని ఆగాడట.

"శ్రావణం మొదటి రోజే ఫోన్ చేసి మాట ఇచ్చేస్తానండి," అన్నాడు.

మావాడు మానిటర్ల మధ్య నిలబడి విన్నాడు. గీతిక కౌంటర్‌లో తల వంచుకుని ఏదో వైరు చుడుతూ విన్నది. చుట్టిన వైరునే విప్పి మళ్లీ చుట్టింది.

అంతే, మావాడి ప్రశ్నలన్నీ అయిపోయాయి. కొలత చూసి ఆమె చెప్పిన ఆ ఇరవై ఏడు అంగుళాల 4Kనే ఇవ్వమన్నాడు. గేమ్స్ సంగతి అడగలేదు, బేరం ఆడనివ్వలేదు. డబ్బా తీసుకుని, మొహం అటు తిప్పుకుని, ఆటో కోసం వానలోకి వెళ్లిపోయాడు. ఆ వేళ నా బండి స్టార్ట్ కాక ఆటోలోనే వచ్చాం.

నేను గొడుగు తెరుస్తుంటే గీతిక పిలిచింది. మొహం కాస్త ఎర్రగా ఉంది కానీ గొంతు నిబ్బరంగానే ఉంది. మీ అక్కగారు పసుపు కుంకుమ పెడతారు కదా, స్టాండుకి పెట్టమనండి, స్క్రీన్‌కి పెడితే మరక పోదు అని చెప్పింది. తర్వాత నా దగ్గరగా వచ్చి చెప్పిందీ మాట:

"ఇంకో సంగతి అంకుల్. డబ్బాలో లావుపాటి వైరు ఒకటి ఉంటుంది, అదే వాడాలి. టీవీ సెట్‌టాప్ బాక్సు వెనక ఉండే పాత వైరు ఎట్టి పరిస్థితుల్లోనూ దీనికి పెట్టకూడదు. పెట్టారంటే బొమ్మ ఈడ్చుకుంటూ కదులుతుంది. ఇక అందరూ మానిటరే పాడైందనుకుంటారు."

నేను బుద్ధిగా తల ఊపాను.

ఆటోలో మావాడు డబ్బాని ఒళ్లో పెట్టుకుని, రోడ్డు మీద నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఒక్క మాట చెప్తే అయిపోవు గదరా," అన్నాను.

"ఏం చెప్పాలె మామా. నేను మానిటర్ కొనెటోణ్ణి, గంతే."

"అక్కతోని చెప్త. పోయి అడుగుతది."

"ఆషాఢంల అమ్మ పెండ్లి మాట ఎత్తదు. ఎత్తినా వాళ్ల నాయిన ఇనడు. శ్రావణం రాంగనే మాటిచ్చేస్తడు." ఒళ్లో డబ్బా మీద వాన నీళ్లు తుడిచాడు. "మస్తు మంచి మానిటర్ మామా ఇది. ఇంటికి తీస్కపోవాలంటేనే మనసొప్పుతలేదు. తీస్కపోతే ఇగ అడగనీకి ఏం ఉండదు."

నవ్వించడం నా వృత్తి కాదు కానీ అలవాటు. ఆ క్షణంలో నాకు నవ్వించే మాట ఒక్కటీ తోచలేదు. వాడు చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని బోనాలు చూసినవాడు. సరిగ్గా నాచారం వైపు మళ్లే చోట, ఎర్ర లైటు దగ్గర, నా బుర్రలో బల్బు వెలిగింది.

పెళ్లి మాట ఎత్తకూడదు. కంప్లైంట్ మాట ఎత్తకూడదని ఏ పంచాంగంలో ఉంది?

ఇంటికి వచ్చాం. అక్క హారతిచ్చి, చెప్పినట్టే స్టాండుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మావాడు లావు వైరుతో అంతా బిగించి, తడిసిన ఒళ్లు కడుక్కుంటానని బాత్రూంలోకి వెళ్లాడు. ముందు గదిలో టీవీ ఆఫ్‌లో ఉంది. అక్క వంటింట్లో ఉంది. ఇంకేం కావాలి నాకు? సెట్‌టాప్ బాక్సు వెనక చెయ్యి పెట్టి దుమ్ముపట్టిన వైరు లాగాను. కంప్యూటర్ దగ్గర లావు వైరు తీసి, ఇది దూర్చాను. లావు వైరుని ముందు గదిలో నేనే కుట్టిన సోఫా దిండులో, జిప్పు తీసి దాచాను.

వాడు వచ్చి కంప్యూటర్ వేశాడు. ఆ అమ్మాయి చెప్పినట్టే జరిగింది. బాణం గుర్తు కుంటుకుంటూ, గెంతుతూ నడిచింది. వాడు మానిటర్ వెనకకు వంగి చూశాడు. లేచి నా మొహం చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్ రెక్కలు చూస్తున్నాను.

"ఏమో మామా, మానిటర్‌లనే ఏదో లోపం ఉన్నట్టుంది," అన్నాడు మెల్లగా.

"అయితే ఫోన్ కొట్టు, కంప్లైంట్ ఇయ్యి," అన్నాను. ఇంత పెద్ద చదువు చదివినవాడు వైరు మారిన సంగతి కూడా కనిపెట్టలేకపోయాడే అని లోపల జాలి పడ్డాను.

మర్నాడు పొద్దున్నే, వాన జోరుగా ఉండగానే, తండ్రీ కూతుళ్లు స్కూటర్ మీద వచ్చారు. ఇద్దరూ నిలువునా తడిశారు. అక్క గుమ్మంలోనే తువ్వాళ్లు అందించింది. జనార్ధనరావు మొహం తుడుచుకుంటూ సోఫాలో, సరిగ్గా నేను వైరు దాచిన దిండు మీదే కూర్చున్నాడు. నాకు చెమట పట్టింది. ఆయన కొంచెం కదిలి, సర్దుకుని, మళ్లీ కూర్చున్నాడు.

అక్క వేడివేడిగా సర్వపిండి పెట్టింది. ఆయన ఎప్పుడూ తినలేదట. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు అని అక్క చెబుతుంటే, తారామణి ఉంటే ఇదెలా చేస్తారో అడిగి తెలుసుకునేదమ్మా అన్నాడు. అక్క ఇంకో ముక్క వేసి, అన్నా, పిల్లకు నేను నేర్పిస్త, ఎంతసేపు అన్నది. ఆయన ఆ ముక్క కూడా మెల్లగా, పూర్తిగా తిన్నాడు.

నేను చాయ్ కప్పులు పట్టుకుని లోపలి గది పరదా దాకా వెళ్లి ఆగాను. ఇది దొంగచాటుగా వినడం కాదు. చాయ్ వేడిగా ఉంది, చల్లారాలి కదా.

గీతిక మానిటర్ ముందు నిలబడి ఉంది. మొదట స్టాండు మీద కుంకుమ బొట్టు చూసింది. వేలితో దాని పక్కన, తాకీ తాకనట్టు తాకింది. తర్వాత సెట్టింగ్స్ తెరిచింది.

"సెకనుకి ముప్పై బొమ్మలే వస్తున్నాయి, ముప్పై హెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. వైరు మారిందండి."

"మా ఇంట్ల పెద్ద ఎలుక ఒకటున్నది," అన్నాడు మావాడు.

మా అక్క ఇంట్లో ఎలుకలు లేవు. కానీ ఆ సమయంలో ఆ మాట నాకు పట్టలేదు.

ఆమె చేతి సంచీలోంచి కొత్త లావు వైరు తీసి బిగించింది. షాపు పిల్లంటే ఇలా ఉండాలి, ముందే తెచ్చుకుంది అని మెచ్చుకున్నాను. బాణం గుర్తు నీళ్ల మీద పడవలా జారింది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. కిటికీ రేకు మీద వాన దడదడలాడుతోంది.

"ఇంకేం కంప్లైంట్ లేదు కదండీ?" అంది.

వాడు గొంతు సవరించుకున్నాడు. "ఉన్నది. ఫస్ట్ రోజు మీరు కుర్చీకి స్క్రీన్‌కు ఎంత దూరం అని అడిగిన్రు. కొలుచుకొచ్చిన. నాచారంకు ఉప్పల్‌కు ఎంత దూరమో మీరు అడగనేలేదు. అది నేను దినాం కొలుస్తనే ఉన్న."

నేను కప్పులతో సహా పరదాకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"నాకు చెప్పుడు రాదు," అన్నాడు వాడు. "అడుగుడొక్కటే వచ్చు. అడగనీకి వంకలు గూడ అయిపోయినయ్. మీరు రాజమండ్రికి పోతే, గీ మానిటర్ల ఎంత సాఫ్‌గ కనవడ్డా నాకు చూడబుద్ధి కాదు."

గీతిక బిగించిన వైరునే మళ్లీ బిగిస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఉప్పల్ ఎంత దూరమైనా, రాజమండ్రి కంటే దగ్గరే కదండీ."

చాయ్ చల్లారిపోయింది. ఎవరిక్కావాలి.

వెళ్లేటప్పుడు జనార్ధనరావు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కూతురి మొహం చూశాడు, మావాడి మొహం చూశాడు. తడిసిన జుట్టుతో ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది.

"ఆషాఢం కదమ్మా, నేనేమీ మాట్లాడను," అన్నాడు అక్కతో. "శ్రావణంలో మళ్లీ ఏదైనా కంప్లైంట్ ఉంటే చెప్పండి. ఇంకెక్కడికీ ఫోన్ చేయకుండా నేరుగా ఇక్కడికే వస్తాను."

"ఉంటదన్నా," అంది మా అక్క. "శ్రావణం రాంగనే పెద్ద కంప్లైంటే ఉంటది. మీ బావగారు గూడ ఇంట్ల ఉంటరు."

పెళ్లి అన్న మాట ఎవరి నోటా రాలేదు. పంచాంగానికి కూడా అభ్యంతరం లేదు. రాజమండ్రికి మాత్రం ఏ ఫోనూ వెళ్లలేదు.

శ్రావణంలో మంచిరోజు చూసి తాంబూలాలు మార్చుకున్నారు. అదే ముందు గది, అదే సోఫా. బావ నన్ను చూసి బూట్లు ముందే అల్మారాలో పెట్టి తాళం వేశాడు. అందరూ గీతికని, ఫణీంద్రని మెచ్చుకుంటున్నారు. నా పేరు ఎవరూ ఎత్తడం లేదు. ఎంతసేపని ఊరుకుంటాను? సర్వపిండి ముక్క చేత్తో పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. అసలు ఈ పెళ్లి కుదిర్చింది ఎవరో వినండి అని వైరు కథ అంతా విప్పాను. మీ అందర్నీ ఎలా ఆడించానో చూశారా అని, చప్పట్ల కోసం ఆగాను.

చప్పట్లు రాలేదు. అక్క తీరిగ్గా తమలపాకులు తుడుస్తూ అంది:

"ఆ దినం రాత్రి నా టీవీల బొమ్మ రాలే. బాక్స్ ఎన్క చూస్తే వైరే లేదు. ఇంట్ల ఇంకెవ్వరు తీస్తర్రా గసొంటి పని. పాపం పిల్లగాని కోసం చేసిండని సప్పుడు చెయ్యలే."

నేను మావాడి వైపు చూశాను.

"స్నానం చేసొచ్చేసరికి నీ మోచేతి దాంక టీవీ ఎన్క దుమ్ము ఉండె మామా," అన్నాడు వాడు. "ఆమె వస్తదని నేను గూడ కంప్లైంట్ ఇచ్చిన."

జనార్ధనరావు లేచి, దిండు జిప్పు తీసి, లావు వైరు బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. "ఆ రోజు కూర్చోగానే గుచ్చుకుందండి. ముప్పై ఏళ్ల నుంచి కేబుళ్లు అమ్ముతున్నాను, కూర్చుంటే తెలియదా ఏవిటి? చాయ్ తాగేసి ఇల్లు ఎలా ఉందో చూసి వెళ్దామని ఊరుకున్నాను."

సరేలే, దొరికిపోయాను. అయినా ఐడియా నాదే కదా అన్నాను. ఆ ఒక్కటీ ఎవరూ కాదనలేరు కదా.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న గీతిక లేచి వచ్చింది. నా ముందు వంగి కాళ్లకు దండం పెట్టి, మొదటిసారి అంకుల్ అనడం మానేసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"మామయ్యా, మానిటర్ కొన్నది ఆయన. బిగించేది ఆయన. ఏది వద్దంటే అదే చేసేదాకా మీకు నిద్రపట్టదని షాపులో నాకు రోజూ చెప్పి నవ్వించిందీ ఆయనే. మరి ఆ పాత వైరు పెట్టొద్దని, ఆయన్ని వదిలేసి, మీకెందుకు చెప్పాననుకున్నారు?"